ఉప్పు బంగళాలో రేడియో

మా పెద్దమ్మని పేటలో అందరూ రేడియో అంటారు. ఎదురుగా మాత్రం ఎవరూ అనలేదు. అనాలంటే ఆవిడ మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి, ఆ సందు ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

మా అమ్మకి ఆవిడ సొంత అక్క. మనిషి పొట్టి, నడక చురుకు, చేతులు ఎప్పుడూ సబ్బు వాసన. "ఇద్దరికీ పంచాల్సిన మాటలన్నీ ముందు పుట్టి మా అక్కే ఊడ్చుకుపోయింది. నాకు 'ఊ' ఒక్కటి మిగిలింది" అని మా అమ్మ ఇప్పటికీ వాపోతుంది. అది కూడా అక్క లేనప్పుడే.

పెద్దమ్మ జీవితం చాలావరకు ఒకే కప్పు కింద గడిచింది. ఆ కప్పు ఆవిడది కాదు. సముద్రం ఒడ్డున, ఇసక దిబ్బలకి ముందు, ఉప్పు బంగళా అని ఒకటుంది. రెండంతస్తులు, ఒక మూల గుండ్రటి బురుజు, చుట్టూ పొడుగాటి వరండా. ఎప్పుడో ఒక ఉప్పు వ్యాపారి కట్టించాడు. ఊళ్ళో ఇంటినిండా అన్నదమ్ములు, వాళ్ళ పెళ్ళాలు, వాళ్ళ పిల్లలు. ఆ గోల కన్నా సముద్రం గోల నయమని ఆయన ఇక్కడ ఇల్లు కట్టుకుంటే, గృహప్రవేశం నాటికి అందరూ మూటాముల్లే సర్దుకుని వెనకే వచ్చేశారట. ఆయన పోయాక వాళ్ళు కొట్టుకుని, కోర్టుకెక్కి, ఆఖరికి ఇల్లు అమ్మేసి తలో దిక్కూ పోయారు.

అప్పుడు అది ఆడపిల్లల బడి అయింది. మా పెద్దమ్మ చదువు అక్కడే మొదలై అక్కడే ఆగిపోయింది. తెలివితక్కువదేం కాదు. టీచరు ప్రశ్న అడిగితే జవాబు చెప్పేది, దాంతోపాటు ఆ జవాబు తనకి ఎవరు చెప్పారో, చెప్పినప్పుడు వాళ్ళింట్లో ఏం గొడవ జరుగుతోందో కూడా చెప్పేది. గంట కొట్టేవారు, పాఠం మిగిలిపోయేది. హెడ్మాస్టరమ్మ విసిగిపోయి ఒకరోజు ఆవిడని బురుజు గదిలో గోడకి ఎదురుగా నిలబెట్టింది. మా పెద్దమ్మ గోడతో మాట్లాడింది. ఆ గోడకి పైన గాలి కోసం పెట్టిన కన్నం పై తరగతిలోకి తెరుచుకునేది. కాసేపటికి పై తరగతి పిల్లలంతా లెక్కలు మానేసి గోడకి చెవులు పెట్టి విరగబడి నవ్వుతున్నారు. ఏడాది చివర హెడ్మాస్టరమ్మ మా అమ్మమ్మని పిలిపించి, "మీ అమ్మాయిని ఇంకెక్కడైనా చదివించండి, ఈ బడికి ఒకటే నోరు చాలు, అది నాది" అంది. ఇంకో బడి దగ్గర్లో లేదు. చదువు అక్కడితో సరి.

పెద్దమ్మకి పెళ్ళీడు వచ్చేసరికి బడి వేరే చోటికి పోయింది. బంగళా ఆస్పత్రి అయింది. ఊపిరితిత్తుల ఆస్పత్రి. సముద్రపు గాలి తగిలితే నెమ్ము తగ్గుతుందని దూరదూరాల నుంచి జనాన్ని తెచ్చి పడుకోబెట్టేవాళ్ళు. పైన తరగతి గదులన్నీ వార్డులైపోయాయి. మా పెద్దమ్మ అందులో ఆయాగా చేరింది. దుప్పట్లు మార్చడం, కళాయి గిన్నెలు కడగడం, లేవలేనివాళ్ళని లేపి కూర్చోబెట్టడం ఆవిడ పని.

ఇక్కడే ఆవిడ దశ తిరిగింది. ఆ ఆస్పత్రిలో రోగులు మాట్లాడకూడదు. ఊపిరితిత్తులకి విశ్రాంతి కావాలి కాబట్టి నెలల తరబడి నోరెత్తడానికి వీల్లేదు. ఏదైనా కావాలంటే పలక మీద రాసి చూపించాలి. వరండా నిండా మంచాలు, మంచాల నిండా మనుషులు, ఒక్కరూ కిక్కురుమనరు. చూడండి మరి, పుట్టినప్పటినుంచీ ఎవరైనా అడ్డు రాకుండా వింటారా అని ఎదురుచూసిన మనిషి వెళ్ళి వెళ్ళి అక్కడ పడింది.

మొదట్లో హెడ్ నర్సు కసిరింది. వారం తిరక్కుండా తనే వచ్చి, "ఆ చివరి మంచాల వాళ్ళకి వినబడటం లేదట. కాస్త గొంతు పెంచు" అంది. మాటలు వింటున్నంతసేపు రోగులు దిగులు పడటం లేదు, గంజి పారబోయటం లేదు, పారిపోవడానికి గోడ దూకటం లేదు. పెద్ద డాక్టరు రౌండ్లకి వచ్చి కథ మధ్యలో అడ్డొస్తే రోగులు పలకల మీద 'ఆగండి' అని రాసి చూపించారట. ఈ ముక్క ఆవిడ చెప్పిందే కాబట్టి సగమే నమ్ముతాను.

కథలంటే రాజులూ రాకుమార్తెలూ కాదు. మా పేట కథలే. ఎవరి పెళ్ళాం ఎవరి మీద బిందె విసిరింది, డ్రమ్ములో దిగి ఇరుక్కుపోయిన పెయింటర్ని ఎలా బయటికి లాగారు, ఇలాంటివి. అన్నిటికన్నా పెద్దది సబ్బు దొంగ కథ. పేట కుళాయి దగ్గర పెట్టిన సబ్బులు మాయమైపోతున్నాయి. ఎవరు తీస్తున్నారు? ఒకరోజు అనుమానం పాలమ్మే ఆవిడ మీదికి పోతుంది, ఇంకోరోజు పోస్టుమాన్ మీదికి. ఇలా వారాల తరబడి లాగింది.

మగవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఒక గడియారాల మెకానిక్ ఉండేవాడు. సన్నగా ఈనెపుల్లలా ఉండేవాడు. పలక మీద కూడా ఏమీ రాసేవాడు కాదు. ఎప్పుడూ కప్పుకేసి చూస్తూ పడుకునేవాడు. బతుకుతాడని ఎవరికీ ఆశ లేదు. కానీ ఎలాగో తేరుకున్నాడు. డాక్టరు ఒక పొద్దున పరీక్ష చేసి, "ఇవాళ్టినుంచి కొంచెం కొంచెం మాట్లాడొచ్చు" అన్నాడు. అందరూ చుట్టూ మూగారు. ఇన్నాళ్ళకి నోరు విప్పబోతున్నాడు, అమ్మా అంటాడో, దేవుడా అంటాడో అని. ఆయన గొంతు సవరించుకుని, చీపురు పట్టుకుని నిలబడ్డ మా పెద్దమ్మ వైపు తిరిగి, "ఇంతకీ సబ్బు ఎవరు తీశారు?" అన్నాడు.

"కాకి" అంది మా పెద్దమ్మ.

"కాకా! ఆ మాట చెప్పడానికి ఇన్నాళ్ళు లాగావా?"

"అప్పుడే చెప్పేస్తే మర్నాడు మీరెందుకు బతికుంటారు?"

ఆ పై ఏడు వాళ్ళ పెళ్ళయింది. పెదనాన్న ఊపిరితిత్తులు పూర్తిగా బాగుపడ్డాయి గానీ మాటలు మాత్రం పెరగలేదు. అది జబ్బు కాదు, ఆయన స్వభావమే అంత అని పెద్దమ్మకి పెళ్ళయ్యాకే తెలిసింది. "మంచిదే అయింది, ఇంట్లో ఇద్దరూ మాట్లాడితే వినేదెవరు?" అని సరిపెట్టుకుంది.

అన్నీ ఇలా నవ్వుకునేవి కావు. ఆడవాళ్ళ వార్డులో ఎనిమిదో మంచం మీద ఒక పిల్ల ఉండేది. పదహారో పదిహేడో ఏళ్ళుంటాయి. టైపు నేర్చుకుంటూ జబ్బు పడింది. పెద్దమ్మ కథ చెబుతుంటే దుప్పటి మీద వేళ్ళు ఆడించేది, టైపు కొడుతున్నట్టు. డ్రమ్ములో ఇరుక్కున్న పెయింటర్ కథ సగంలో ఉండగా ఒక మధ్యాహ్నం ఆ వేళ్ళు ఆగిపోయాయి. పెద్దమ్మ చూసింది, చూసి కూడా ఆపలేదు. పెయింటర్ని బయటికి లాగి, ఒళ్ళు కడిగించి, ఇంటికి పంపించేదాకా పూర్తి కథ చెప్పి అప్పుడు లేచింది. హెడ్ నర్సు గుమ్మంలో నిలబడి అంతసేపూ ఆగింది.

తర్వాత ఆ పిల్లని కింద ఉత్తరం వైపు గదిలోకి తీసుకెళ్ళారు. అది ఎండ తగలని గది, రాతి నేల. ఉప్పు వ్యాపారి రోజుల్లో పాలూ వెన్నా పెట్టుకునేవాళ్ళట. ఆస్పత్రివాళ్ళు అందులో ఒక పెద్ద పాలరాతి బల్ల వేయించారు. కొంచెం ఏటవాలుగా ఉంటుంది, ఒక అంచుకి నీళ్ళు పోయే గాడి ఉంటుంది. పోయినవాళ్ళని దాని మీద పడుకోబెట్టి కడిగేవాళ్ళు. ఆ పిల్లని కడిగింది మా పెద్దమ్మే.

కాలక్రమాన కొత్త మందులొచ్చాయి, సముద్రపు గాలితో పని లేకపోయింది, ఆస్పత్రి మూతపడింది. బంగళా చాలా ఏళ్ళు ఖాళీగా పడుంది. వరండాలో మేకలు పడుకునేవి. పెదనాన్న బజారులో చిన్న గడియారాల కొట్టు పెట్టుకున్నాడు. పెద్దమ్మ ఇంట్లో ఇస్త్రీ పని పెట్టుకుని, బట్టలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఉచితంగా వార్తలు ఇచ్చేది. బట్టలు తొందరగా కావాలనుకునేవాళ్ళు పిల్లల్ని పంపేవాళ్ళు కాదు, పిల్లలు ఆ కబుర్లలో పడి తిరిగొచ్చేవాళ్ళు కాదు కాబట్టి.

అప్పుడొచ్చింది హోటల్ కంపెనీ. బంగళాకి సున్నం కొట్టి, మేకల్ని తోలి, వెనకున్న దిబ్బలన్నీ చదును చేసి పచ్చగడ్డి పరిచింది. పైన గదులు, కింద గోల్ఫ్ క్లబ్బు. నోరు తిరగని పేరొకటి పెట్టి పెద్ద బోర్డు కట్టింది. ఊళ్ళో జనం ముక్కున వేలేసుకున్నారు. సముద్రం పక్కన పెట్టుకుని ఈతకి ఇంకో గుంట తవ్వారు. అంత నేల పెట్టుకుని అందులో ఒక చిన్న బంతి కోసం వెతుక్కుంటున్నారు.

అందులో రిసెప్షన్‌లో పని నాకు దొరికింది. పెద్దమ్మకి గదులు సర్దే పని నేనే ఇప్పించాను. ఆ తర్వాత మా మేనేజర్ నన్ను చూసినప్పుడల్లా ఏదో పంటి నొప్పి ఉన్నవాడిలా మొహం పెట్టేవాడు.

ఆయన మంచివాడే, కాకపోతే నిశ్శబ్దం ఎక్కువ ఇష్టపడే మనిషి. చేరిన రోజే అందరినీ నిలబెట్టి చెప్పాడు. "గెస్టు కనబడితే నవ్వాలి. పలకరిస్తే నవ్వాలి. పలకరించకపోయినా నవ్వాలి. మాట్లాడకూడదు."

"ఊరికే నవ్వితే పిచ్చిదనుకోరండీ?" అంది పెద్దమ్మ.

"అనుకోనివ్వండి."

"మరి వాళ్ళు ఏదైనా అడిగితే?"

"రిసెప్షన్ చూపించండి."

"రిసెప్షన్ ఎక్కడని అడిగితే?"

మేనేజర్ నా వైపు చూశాడు.

కష్టపడి నోరు కట్టేసుకుంది మహాతల్లి. అయితే లోపల పుట్టిన మాటలు ఎక్కడికో అక్కడికి పోవాలి కదా. దుప్పటి మారుస్తూ దిండుతో మాట్లాడేది. దిండు తరఫున జవాబు కూడా తనే చెప్పేది, గొంతు మార్చి. ఒకరోజు ఒక గెస్టు కిందికి వచ్చి, "మా పక్క గదిలో మొగుడూ పెళ్ళాం పొద్దున్నించీ పోట్లాడుకుంటున్నారు, నాకు గది మార్చండి" అన్నాడు. ఆ పక్క గది ఖాళీ అని నాకు తెలుసు. ఏం చెప్పను? మార్చాను.

ఇక అసలు సంగతికి వస్తాను. కంపెనీవాళ్ళు ఉత్తరం వైపు చల్లటి గదిని బారు చేశారు. డిజైన్ చేయడానికి వచ్చినవాళ్ళు దుమ్ములో ఉన్న పాలరాతి బల్లని చూసి ఎగిరి గంతేశారట. ఇంత పాతకాలపు రాయి ఇప్పుడు దొరకదు, కదిలిస్తే పగులుతుంది, ఎక్కడున్నది అక్కడే ఉంచండి అన్నారు. మెరుగుపెట్టి, చుట్టూ తోలు కుర్చీలు వేసి, పైన ఒక పెద్ద లైటు వేలాడదీశారు. క్లబ్బు మొత్తంలో అదే గొప్ప టేబులు.

ఆ టేబులుకి శాశ్వత హక్కుదారు క్లబ్బు కెప్టెన్. ఓడ కెప్టెన్ కాదు, గోల్ఫ్ కెప్టెన్. రిటైరైన పళ్ళ డాక్టరు. భారీ మనిషి, భారీ గొంతు. ఆయన బంతిని కొట్టేదానికన్నా గడ్డిని కొట్టేది ఎక్కువ. ఆటకి ముందు చెయ్యి వణక్కుండా రెండు పెగ్గులు, ఆ రెండూ ఒంటరిగా ఉండకుండా మూడోది వేసుకుని వెళ్ళేవాడు. ఏటా పక్క ఊరి క్లబ్బుతో జరిగే పోటీలో వీళ్ళు ఓడిపోయేవాళ్ళు. ఏటా అందులో ఆయన చెయ్యి పెద్దది.

ఆ ఏడు పోటీ ముందురోజు పక్క క్లబ్బువాళ్ళు వచ్చారు. కెప్టెన్ గారు వాళ్ళని బల్ల చుట్టూ కూర్చోబెట్టి గొప్పలు మొదలుపెట్టాడు. నేను ఏదో ఫోను సంగతి చెప్పడానికి అక్కడికే వెళ్ళాను. పెద్దమ్మ ఒక మూల నేల తుడుస్తోంది.

"ఈ బల్ల మీద ఉప్పు వ్యాపారి విందులిచ్చేవాడండీ. ఆ తెలివి చూడండి. గ్లాసు ఒలికిందనుకోండి, ఒళ్ళో పడదు. ఈ వాలు వెంట జారి, ఈ గాడిలోంచి చక్కగా కిందికి పోతుంది. తాగేవాళ్ళ కష్టం తెలిసిన మనిషి" అంటూ చూపించడానికి కొంచెం ఒలకబోశాడు కూడా. అది చక్కగానే పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. కెప్టెన్ ఉత్సాహం పట్టలేక మూలకి తిరిగాడు. "ఏమ్మా, నువ్వు ఈ ఊరిదానివేగా? మీ పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. ఈ బల్ల మీద ఏం వడ్డించేవాళ్ళో చెప్పు."

పెద్దమ్మ నవ్వింది. రూలు ప్రకారం.

"సిగ్గుపడకు, చెప్పమ్మా."

ఆవిడ నా వైపు చూసింది. నేను వద్దని కళ్ళతో బతిమాలాను. తడిగుడ్డ బకెట్లో వేసి, చేతులు తుడుచుకుని, బల్ల దగ్గరికి వచ్చింది.

"వడ్డించేవాళ్ళు కాదండీ. ఇది ఆస్పత్రి శవాల గది. పోయినవాళ్ళని దీనిమీద కడిగేవాళ్ళం. ఆ గాడి ఆ నీళ్ళు పోవడానికి. తల మీరు మోచెయ్యి పెట్టారే, ఆ వైపు ఉండేది. మా ఎనిమిదో మంచం పిల్లని ఇక్కడే కడిగాను. జుట్టు చాలా పొడుగు దానికి, చిక్కు తీయడానికే చాలాసేపు పట్టింది."

కెప్టెన్ గారు మోచెయ్యి తీశాడు. వేడి పెనం మీంచి తీసినట్టు కాదు, నెమ్మదిగా, ఎవరినో లేపకూడదన్నట్టు. పక్క క్లబ్బువాళ్ళలో ఒకాయన నోట్లో ఉన్నది మింగాలో ఉమ్మాలో తేల్చుకోలేక బుగ్గలు ఉబ్బించి అలాగే కూర్చున్నాడు. ఇంకొకాయన గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే బయటికి నడిచాడు.

సాయంత్రానికి బారు ఖాళీ. మేనేజర్ మమ్మల్ని పిలిచాడు. ఆయన గొంతు పెంచలేదు, అదే భయం వేసింది.

"ఒక్క వాక్యంతో బారు మూయించారమ్మా."

"ఒకటి కాదండీ, ఓ ఆరేడు చెప్పాను" అంది పెద్దమ్మ.

"మాట్లాడొద్దన్నాను కదా?"

"అడిగారండీ. అడిగితే కూడా అబద్ధాలకి నవ్వుతూ నిలబడాలంటే నావల్ల కాదు. ఆ పిల్లని విందు చేసేశాడాయన."

మేనేజర్ రేపటినుంచి రావద్దని చెప్పాడు. పెద్దమ్మ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఇంటిదాకా నేనూ వెంట నడిచాను, దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. నాకు జ్వరమొచ్చినట్టనిపించింది.

మర్నాడు పోటీ. కెప్టెన్ గారు ముందు రాత్రి మంచినీళ్ళ గ్లాసు కూడా అనుమానంగా చూశాడని వాళ్ళావిడ తర్వాత చెప్పింది. పొద్దున బారు వైపు రాలేదు. పెగ్గుల్లేవు, ధైర్యం లేదు, మొహం సున్నం కొట్టినట్టుంది. బయల్దేరేముందు మాత్రం ఏమనిపించిందో, ఒక్కడే ఆ గదిలోకి వెళ్ళి, బల్ల అంచు మీద చెయ్యి పెట్టి, "తప్పయిందమ్మా" అని గొణిగి వచ్చాడు. గ్లాసులు తుడుస్తున్న బారు కుర్రాడు విన్నాడు.

ఆ రోజు కెప్టెన్ గారు ఆడిన ఆట ఈ క్లబ్బులో ఎవరూ ఆడలేదు. కర్ర ఎత్తితే బంతి చెప్పినమాట విన్నట్టు పోయి గుంట పక్కన కూర్చుంది. పక్క క్లబ్బువాళ్ళకి నిద్రలేదు, కళ్ళు గుంటలు పడ్డాయి, వాళ్ళ బంతులన్నీ సముద్రం దారి పట్టాయి. కప్పు మనవాళ్ళకి వచ్చింది.

"ఇన్నాళ్ళూ ఆయనకి రెండు బంతులు కనబడేవి. ఇవాళ తాగలేదు, ఒకటే కనబడింది" అంది వాళ్ళావిడ కప్పు పట్టుకుని. ఎవరు వింటారు? కెప్టెన్ గారు అందరికీ బల్ల మహిమ చెప్పాడు. వారం తిరిగేసరికి ఆటకి వెళ్ళేముందు బల్ల మీద చెయ్యి పెట్టడానికి సభ్యులు వరస కడుతున్నారు. కొందరు బంతుల్ని ఆనించి తీసుకెళుతున్నారు. వేరే ఊళ్ళనుంచి ఫోన్లు. అందరిదీ ఒకటే ప్రశ్న: ఆ సంగతి చెప్పినావిడ ఉందా, ఇంకా ఏమైనా చెబుతుందా?

మేనేజర్ మా పెద్దమ్మ ఇంటికి వెళ్ళాడు. నన్ను వెంటబెట్టుకుని. పెదనాన్న టీ పెట్టి తెచ్చాడు. పెద్దమ్మ ఇస్త్రీ చేస్తూ తలెత్తలేదు.

"మళ్ళీ రావాలమ్మా" అన్నాడు మేనేజర్.

"నవ్వడానికా?"

"మాట్లాడటానికి. గైడుగా. బంగళా అంతా తిప్పి చూపించాలి."

పెద్దమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. మొగుడి వైపు చూసింది. పెదనాన్న కొంచెం ఆలోచించి, "వెళ్ళు. నేను కూడా కాస్త పడుకుంటాను" అన్నాడు.

అయితే అంత తేలిగ్గా తేలలేదు. హెడ్డాఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చి ఏం చెప్పాలో కాగితం మీద రాసిచ్చింది. అందులో ఉప్పు వ్యాపారి భార్యని ప్రాణంగా ప్రేమించి ఆవిడ కోసమే ఈ సౌధం కట్టించాడు. ఆవిడ రోజూ బురుజులో నిలబడి ఓడల్ని చూసేది. బడి ఊసు లేదు, ఆస్పత్రి ఊసు లేదు. బల్ల గురించి మాత్రం 'ఒక వింత సంఘటన' అని ఒక ముక్క. పెద్దమ్మ మొదటి రెండు రోజులూ బుద్ధిగా అదే అప్పజెప్పింది. గెస్టులు ఆవులించారు. ఆవిడకే నిద్రొచ్చింది. ఇంటికొచ్చి, "పక్కవాళ్ళ పళ్ళసెట్టు పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది" అంది మా అమ్మతో.

మూడో రోజు పైన సముద్రం వైపు గదిలో ఒక కొత్త జంట దిగింది. ఆ అమ్మాయి బల్ల కథ ఎక్కడో వినేసింది. టూరు మధ్యలో భయం భయంగా అడిగింది. "అంటే పైన కూడా ఆస్పత్రేనా? మా గదిలో ఎవరైనా చనిపోయారా?"

పక్కనే హెడ్డాఫీసు అమ్మాయి నిలబడి తల అడ్డంగా ఊపుతోంది. పెద్దమ్మ కొత్త పెళ్ళికూతురి మొహం చూసింది.

"చనిపోయారమ్మా. చాలామంది. బతికినవాళ్ళు కూడా ఉన్నారు. మీ మంచం ఉన్నచోట పడుకున్న ఒకాయన బతికితే, నేనే పెళ్ళి చేసుకున్నాను."

ఆ అమ్మాయి మొగుడి చెయ్యి పట్టుకుని, "ఆయన్ని చూడొచ్చా?" అంది.

పెదనాన్నని తీసుకొచ్చారు. గళ్ళ చొక్కా, చేతిలో సంచి. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ మెట్లెక్కాడు. కిటికీలోంచి సముద్రం చూశాడు, కప్పుకేసి చూశాడు. కొత్త జంట, మేనేజర్, హెడ్డాఫీసు అమ్మాయి, అందరూ ఆయన్నే చూస్తూ నిలబడ్డారు. ఆయన పరుపు మీద అరచేత్తో ఒకసారి నొక్కి చూసి, "అప్పుడు ఇలాంటిది వేసి ఉంటే ఇంకో ఆరు నెలలు దగ్గేవాడిని" అన్నాడు.

నవ్వీ నవ్వీ ఆ కొత్త పెళ్ళికూతురు మంచం మీద కూలబడింది. హెడ్డాఫీసు అమ్మాయి కూడా నవ్వింది, పాపం, చివరికి. కాగితం సంచిలో పెట్టుకుని, "మీ ఇష్టం వచ్చినట్టు చెప్పండమ్మా. నేను పైవాళ్ళతో మాట్లాడతాను" అని వెళ్ళిపోయింది. ఏం మాట్లాడిందో తెలియదు గానీ ఇంకో కాగితం రాలేదు.

ఆ పనిలో పెద్దమ్మ కుదురుకుంది. బురుజు దగ్గర హెడ్మాస్టరమ్మని అనుకరిస్తే జనం పొట్టలు పట్టుకుంటారు. బల్ల దగ్గరికి రాగానే గొంతు తగ్గించి, ఆ పిల్ల సంగతి ఉన్నదున్నట్టు చెబుతుంది. అక్కడ ఎవరినీ బంతులు ఆనించనివ్వదు. కెప్టెన్ గారినైనా సరే, "చెయ్యి పెట్టండి, చాలు" అంటుంది. ఆయన కప్పు మళ్ళీ గెలవలేదు. పెగ్గులు మొదలుపెట్టాడు కదా.

ఈమధ్య ఆవిడకి మోకాళ్ళు పట్టేస్తున్నాయి. గోల్ఫ్ కోర్సు అంతా నడిపించి చూపించడం కష్టమైపోయింది. అందుకని హోటల్‌వాళ్ళు బ్యాటరీ బండి ఒకటిచ్చారు. నడపడం రెండు రోజుల్లో నేర్చుకుంది. చిక్కల్లా ఒకటే. మాట్లాడేటప్పుడు వినేవాళ్ళ మొహాలు చూడాలి ఆవిడకి, వాళ్ళేమో వెనక సీట్లో కూర్చుంటారు.

మొన్న ఒక పెద్ద మ్యాచ్ జరుగుతుండగా బండి నిండా గెస్టులతో వచ్చి, వెనక్కి తిరిగి ఏదో చెబుతూ, నేరుగా ఆటగాళ్ళకి అడ్డుగా తవ్విన ఇసక గుంటలోకి దించేసింది. చక్రాలు సగం దాకా దిగబడ్డాయి. అదే గుంటలో ఒకాయన బంతి పడి ఉంది. ఆయన కర్ర పట్టుకుని ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు. ఆట ఆగిపోయింది. మేనేజర్ తల పట్టుకుని క్లబ్బు మెట్లు దిగి పరిగెత్తుకొస్తున్నాడు. కెప్టెన్ గారు దూరం నుంచే అరుస్తున్నాడు.

పెద్దమ్మ బండి దిగలేదు. "మీరు కొట్టుకోండి బాబూ, మాకేం తొందర లేదు" అని ఆయనకి చెప్పి, గెస్టుల వైపు తిరిగి ఎక్కడ ఆపిందో గుర్తు చేసుకుంది. వాళ్ళెవరూ దిగుతామనలేదు.